కుప్పం తిప్పు

నేను బ్యాండు మేళంలో క్లారినెట్ ఊది బతికినవాణ్ణి. ఇప్పుడు నోట్లో పళ్ళు లేవు, ఛాతీలో ఊపిరీ అంతంతమాత్రమే. అయినా మదనపల్లె చుట్టుపక్కల ఏ మేళగాడి ఇంట్లో పెళ్ళి జరిగినా నన్ను పిలిచి, ముందు వరసలో కుర్చీ వేసి, భుజాన శాలువా కప్పుతారు. నేనూ బొమ్మలకొలువులో పెద్ద బొమ్మలాగా కూర్చుని, తిని వస్తుంటాను.

మొన్న పుంగనూరులో అలాంటి పెళ్ళే జరిగింది. మీలాంటి కుర్రవాళ్ళ మేళం. బాగా వాయిస్తున్నారు, కాదనను. పాట మంచి జోరులో ఉండగా డ్రమ్ము కొట్టే అబ్బాయి ఒక తిప్పు తిప్పాడు. రెండు దెబ్బలు, కాస్త ఖాళీ, తరువాత డ్రమ్ము అంచు మీద ఒక్క దెబ్బ. అది పడగానే క్లారినెట్ పిల్లవాడు వాయిద్యం నోట్లోంచి తీసి "యాలన్నా!" అని గట్టిగా అరిచాడు. పందిరంతా చప్పట్లు, ఈలలు.

పక్కన కూర్చున్న పెళ్ళిపెద్ద నా తొడ మీద చరిచాడు. "నీదే గదప్పా ఇది! కుప్పం తిప్పు! ఇది కొట్టకపోతే ఇప్పుడు ఏ మేళాన్నీ ఎవురూ పిల్సరు!"

చేతిలో కాఫీ ఉంది. కుర్చీ కింద పెట్టేశాను.

పిల్లలూ, అది పెళ్ళిలో కొట్టే దెబ్బ కాదు. ఆ "యాలన్నా" మెచ్చుకోలూ కాదు, 'ఎందుకన్నా' అని నిలదీసిన కేక. ఒక పాత క్యాసెట్టులో విని మీరు నేర్చుకున్నారు. ఆ క్యాసెట్టులో అలా అరిచింది నేను, ఆ దెబ్బ కొట్టింది మా డ్రమ్ము అన్న. ఎందుకు కొట్టాడో, నేను ఎందుకు అరిచానో మా మేళంలో తెలిసినవాళ్ళు ముగ్గురం. ఇద్దరు పోయారు. నేనూ పోయేలోగా చెప్పి పోవాలని ఇది రాయిస్తున్నాను.

డెబ్భైలలో మా మేళం అంటే మీకు తెలియదు. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, తెల్ల టోపీలు. వైశాఖమాసపు ఎండలో ఆ కోట్లలో ఉడికి చచ్చేవాళ్ళం, కానీ చూసేవాళ్ళకు మాత్రం దొరల్లాగా కనిపించేవాళ్ళం. ఇటు కోలారు నుంచి అటు క్రిష్ణగిరి దాకా పిలుపులు. మా మేళం ఖాళీ ఎప్పుడో కనుక్కుని ఆ తరువాత లగ్నం పెట్టించుకున్న ఇళ్ళున్నాయి. ఏ పొలిమేర దాటితే ఆ భాష పాట ఊదాలి. ఒకసారి ముళబాగిలు దగ్గర పొరపాటున తమిళ పాట ఎత్తుకుంటే ఆ పెళ్ళివారు మాకు మజ్జిగ కూడా పోయలేదు. కుప్పంలో అయితే మూడు భాషలూ సిద్ధంగా ఉండాలి. అక్కడ పెళ్ళికొడుకు ఒక భాష, పెళ్ళికూతురు ఒక భాష, వంటవాడు ఇంకో భాష.

మేళం మాస్టరుదే. పలమనేరు మనిషి. ట్రంపెట్ ఊదేవాడు. ఎవరో పారేసిన సొట్టల ట్రంపెట్‌ను కంసాలి దగ్గర బాగు చేయించుకుని, దాంతోనే ఇంత మేళం కట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. మాలో ఎవరికి జ్వరం వచ్చినా గంజి కాచి తెచ్చి పోసేవాడు. అయితే ఆయనకు మేళం పేరు ముందు, మిగతాదంతా తరువాత. మదనపల్లెలో మా గది ముందు బోర్డు మీద మేళం పేరు కింద పెద్ద అక్షరాలతో "శుభకార్యములకు మాత్రమే" అని రాయించాడు. చావులకు వెళ్ళేది లేదు. ఎంత పెద్దవాళ్ళు పోయినా, ఎంత బతిమాలినా వెళ్ళేది లేదు. చావుకు వాయించిన మేళాన్ని పెళ్ళికి పిలవడానికి పెద్దింటివాళ్ళు సంకోచిస్తారని ఆయన లెక్క. లెక్క తప్పు కాదు.

ఆయన భయానికి ఇంకో కారణం ఉంది. అంతకు ముందెప్పుడో పెద్దతిప్పసముద్రం వైపు ఒక పెళ్ళిలో మా తాళాల మనిషికి వాళ్ళ అక్క పోయిందని కబురు వచ్చింది. అతను అక్కడే తాళాలు కింద పెట్టి భోరుమన్నాడు. చావు అంటు వచ్చినవాడు పందిట్లో నిలబడ్డాడని పెళ్ళివారు మమ్మల్నందరినీ బయటికి తోలి, మేము నిలబడిన చోటంతా పేడనీళ్ళు చల్లారు. కడవలతో వాళ్ళు నీళ్ళు తెస్తుంటే మాస్టరు టోపీ తీసి చంకలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక మా నాయన సంగతి. మా ఊరు పుంగనూరుకూ పెద్దపంజాణికీ మధ్యలో ఉంటుంది. మా ఇల్లు ఊరికి అవతల. మా నాయన పలక కొట్టేవాడు. పలకంటే బడిపిల్లల పలక కాదు. చెక్క చట్రానికి తోలు బిగించింది. చొప్పమంట మీద కాస్త కాచితే కణీమని మోగుతుంది. జాతర్లకు ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ. ఊళ్ళో ఎవరు పోయినా ముందు కబురు మా ఇంటికే వచ్చేది. నాయన చొప్ప అంటించి పలక కాచుకుని వెళ్ళి ఊరి మొగదల నిలబడి కొట్టేవాడు. రెండు దెబ్బలు, ఖాళీ, అంచు మీద ఒక్క దెబ్బ.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, మధ్యలో ఆ ఖాళీ ఎందుకు నాయనా అని.

"ఆడ ఊరు అడుగుతాదిరా, ఎవురూ అని. అడగనీకి సందు ఇయ్యల్ల గదా. అంచు మీద దెబ్బ జవాబు" అన్నాడు.

నిజంగానే అడిగేవాళ్ళు. ఆ దెబ్బ వినపడగానే పొలంలో మడక తోలేవాడు మడక ఆపి, బావి దగ్గర ఆడవాళ్ళు కడవ దించి, "ఎవురు? ఎవురంట?" అని కేకేసి అడిగేవాళ్ళు. దారిన పోయేవాడెవడో పేరు చెప్పేవాడు. మా పక్క అది మామూలు.

బడిలో నాకు అదే దెబ్బ వేరే రకంగా తగిలింది. నేను లోపలికి రాగానే వెనక బెంచీ పిల్లలు బల్ల మీద ఆ దెబ్బ కొట్టేవాళ్ళు. రెండు, ఖాళీ, ఒకటి. పంతులు కూడా నవ్వాపుకునేవాడు. దాన్ని తప్పించుకోవడానికే నేను బడి మాని మదనపల్లెకు వచ్చి, మాస్టరు కాళ్ళు పట్టుకుని క్లారినెట్ నేర్చుకున్నాను. మా నాయన్ను ఊళ్ళోని వీధుల్లోకి చెప్పులతో రానివ్వని ఇళ్ళవాళ్ళే, నేను ఎర్రకోటు వేసుకుని పెళ్ళికొడుకు ముందు ఊదుకుంటూ నడుస్తుంటే దారి ఇచ్చేవాళ్ళు. అందుకే నాకు ఆ కోటంటే పిచ్చి.

మేళంలో ఈ సంగతంతా తెలిసినవాడు డ్రమ్ము అన్న ఒక్కడే. నాకంటే పెద్దవాడు, మాట తక్కువ. సెలవు దొరికితే నాతోపాటు మా ఊరికి వచ్చి నాయన దగ్గర కూర్చుని పలక దెబ్బలు నేర్చుకునేవాడు. నేర్చుకోవాల్సిన కొడుకు పక్కన మంచం మీద పడుకుని నిద్రపోయేవాడు. నాయనకు అతనంటే ప్రాణం. "నా కొడుకు గాలి ఊదుతాడు, నువ్వు సెయ్యి పెట్టినావు" అనేవాడు.

ఆ ఏడు, ఎనభైల మొదట్లో, ఉగాదికి ఊరికి వెళ్ళాను. నాయన బాగా చిక్కిపోయాడు. దగ్గు. ఆసుపత్రికి రమ్మంటే రానన్నాడు. నేను బయలుదేరుతుంటే గడప దగ్గర పట్టుకున్నాడు.

"అబ్బోడా, నేను పోతే మీ మేళం వస్తాదా?"

నేను నవ్వాను. "మా మేళం సావులకు రాదు నాయనా. బోర్డు మీద రాసుండాది."

"మేళం రాకపోతే పోనీ. నువ్వు రా. ఆ పీపీ ఎత్తుకోని రా. ఊర్లో అందురికీ నేను కొట్టినా. నాకు ఎవురు కొడతారు సెప్పు? పక్కూరోళ్ళు వస్తే నాకొద్దు. నువ్వు ఊదితే సాలు, కాటి దాకా."

"వస్తాలే, ముందు నువ్వు దగ్గు తగ్గించుకో" అన్నాను. క్లారినెట్‌ను ఆయన ఎప్పుడూ పీపీ అనే అనేవాడు. గడప లోపలి నుంచి మా చెల్లెలు కూడా విన్నది ఆ మాట. ఊళ్ళోవాళ్ళకూ చెప్పి పెట్టుకున్నాడని తరువాత తెలిసింది. కొడుకొచ్చి ఊదుతాడు, ఇంకెవర్నీ పిలవద్దని.

కుప్పం పెళ్ళి వైశాఖంలో. పెళ్ళికూతురి తండ్రికి రైసుమిల్లు. పెళ్ళికొడుకువాళ్ళు బెంగుళూరు నుంచి వచ్చారు, వాళ్ళ దగ్గర టేపురికార్డరు ఉంది. రైలుస్టేషను దగ్గర సత్రంలో పెళ్ళి. ముందురోజు సాయంత్రమే మేము వ్యానులో చేరుకున్నాం. అదే సాయంత్రం మా ఊళ్ళో మా నాయన పోయాడు.

మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, కబురు తీసుకుని చివరి బస్సు పట్టుకుని పలమనేరు వచ్చి, బస్టాండులో పడుకుని, పొద్దున మొదటి బస్సుకు కుప్పం చేరాడు. చావింటివాడు గనక పెళ్ళి సత్రంలోకి రాకూడదు. ఎదురుగా సోడాకొట్టు దగ్గర నిలబడి, ఎర్రకోటు కనబడితే పిలుద్దామని చూస్తున్నాడు. కనబడ్డవాడు మాస్టరు. ఆయన పక్కన డ్రమ్ము అన్న తాళ్ళు బిగించుకుంటున్నాడు. నేను లోపల అరుగు మీద కూర్చుని క్లారినెట్ రీడు తడుపుకుంటున్నాను. అప్పుడు బయట జరిగింది నాకు తరువాత డ్రమ్ము అన్న చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు రాయిస్తున్నాను.

మాస్టరు కబురంతా విన్నాడట. తరువాత మా తమ్ముణ్ణి వ్యానులో కూర్చోబెట్టి ఇడ్లీ తెప్పించి ఇచ్చాడు. "నేను సెప్తాలేప్పా, నువ్వు కదలొద్దు" అన్నాడు.

డ్రమ్ము అన్న అడిగాడు. "మాస్టరూ, ఇప్పుడే పంపితే మధ్యాన్నానికి ఊరు చేరతాడు. నాయన మొగం సూడొద్దా?"

"క్లారినెట్ లేకుండా పెండ్లి ఎట్లా? పైగా ఇప్పుడు సెప్తే వానికి అంటు. వాడు ఆడ ఏడిస్తే పందిట్లో అందురికీ తెలుస్తాది. పేడనీళ్ళు మర్సిపోయినావా? ఇన్నేదాకా అంటు లేదప్పా. శాస్త్రమే సెప్తాండాది. తాళి పడనీ, నేనే సెప్పి వ్యానిచ్చి పంపిస్తా."

"తెలిసి నేను ఎట్ల నిలబడేది వాని పక్కన?"

"డ్రమ్ము మీద సెయ్యి పెట్టు. నోరు తెరిసి సెప్పనని ఒట్టెయ్యి."

మాకు వాయిద్యం మీద ఒట్టు అంటే దేవుడి మీద ఒట్టే. అన్న చేయి పెట్టాడు. నోరు తెరిచి చెప్పనని ఒట్టు వేశాడు.

ఆయన శాస్త్రం తప్పు కాదు. మా వైపు అందరూ ఒప్పుకునేదే. దూరాన ఉన్నవాడికి చావు కబురు చెవిన పడిన ఘడియ నుంచే అంటు లెక్క. అంతవరకు వాడు శుభ్రం. అదంతా ఆయనకు తెలుసు. మా నాయన శవం ఎండలో ఎంతసేపు ఆగుతుందనేదే ఆయన లెక్కలోకి రాలేదు.

విడిది నుంచి పెళ్ళికొడుకును తీసుకొస్తున్నాం. నేను మంచి హుషారులో ఉన్నాను. వీధి మలుపు దగ్గర పాట చరణం ముగుస్తుండగా నా వెనక డ్రమ్ము మీద ఆ దెబ్బ వినిపించింది. రెండు, ఖాళీ, అంచు మీద ఒకటి. పాటలో కలిపేసి కొట్టాడు, వేరే ఎవరికీ తెలియదు. నాకు మాత్రం వీపు మీద చన్నీళ్ళు పోసినట్టు అయింది. వెనక్కి తిరిగి చూశాను. అన్న నన్నే చూస్తున్నాడు. చెయ్యి జారిందేమో అనుకున్నాను.

తాళి పడింది. అక్షింతలు అయ్యాయి. మాస్టరు నా వైపు వస్తున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం చెప్పడానికే వస్తున్నాడని తరువాత అర్థమైంది. ఇంతలో పెళ్ళికొడుకు తండ్రి అడ్డం వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఏమండీ మాస్టరు, మీ క్లారినెట్ అబ్బాయి చేత కచేరీలాగా ఊదించండి. టేపు చేసుకుంటాం. బెంగుళూరులో అందరికీ వినిపిస్తాం" అన్నాడు.

మాస్టరు ఆ యంత్రాన్ని చూశాడు. నన్ను చూశాడు. మా మేళం పాట టేపుకు ఎక్కడం అంతవరకూ లేదు. ఆయన చేయి ఎత్తి మాకు సైగ చేశాడు, ఎత్తుకోమని.

నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ సైగ మీదే. తాళికి ముందు దాచినదాన్ని నేను ఎప్పుడో మన్నించాను.

కచేరీ మొదలైంది. నేను రాగం తీసి పాట అందుకున్నాను. డ్రమ్ము అన్న దెబ్బ మామూలుగా లేదు. చేతులు బరువుగా పడుతున్నాయి. పాట సగానికి వచ్చేసరికి మళ్ళీ ఆ తిప్పు. ఈసారి దాచలేదు. గట్టిగా, తేటగా, మా ఊరి మొగదల నిలబడి మా నాయన కొట్టినట్టే కొట్టాడు. మధ్యలో ఖాళీ కూడా అంతే. మేళమంతా ఆ ఖాళీలో ఒక్క క్షణం ఆగింది.

నాకు బడిలో బల్ల గుర్తొచ్చింది. వెనక బెంచీ నవ్వులు గుర్తొచ్చాయి. ఇంతమంది పెద్దమనుషుల ముందు, నేను ఎవరి కొడుకునో చాటుతున్నాడు అనుకున్నాను. వేరే ఎవడైనా అయితే సహించేవాణ్ణి. మా ఇంట్లో సంగటి తిన్నవాడు, మా నాయన దగ్గర నేర్చుకున్నవాడు, నన్ను ఎగతాళి చేస్తాడా! క్లారినెట్ నోట్లోంచి తీసి అతని వైపు తిరిగి "యాలన్నా!" అని అరిచాను.

టేపులో అదే పడింది. కోపం టేపుకు తెలియదు కదా.

అన్న కొడుతూనే నన్ను చూశాడు. కళ్ళనిండా నీళ్ళు. చెమట అనుకున్నాను. నేను తిరిగి వాయిద్యం నోట్లో పెట్టుకుని కసి కొద్దీ ఊదాను. అతను నా వెంట పడి కొడుతూనే ఉన్నాడు. ఆ కోపంలో, ఆ ఉక్రోషంలో ఊదిన పాటే మీరందరూ క్యాసెట్టు అరిగిపోయేలా విన్నది. అలా నేను ముందూ ఊదలేదు, తరువాతా ఊదలేదు. జనం లేచి నిలబడ్డారు. నా తండ్రి శవం దగ్గర ఈగలు తోలుతున్న వేళ, నా మెడలో పూలదండ వేశారు.

కచేరీ అయ్యాక మాస్టరు నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "మీ నాయనకు ఒంట్లో బాగలేదంటప్పా. వ్యానెత్తుకోని పో" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. డ్రమ్ము అన్న ఆయన్ను అడగకుండానే వచ్చి వ్యానెక్కాడు. లోపల మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే వాడు బావురుమన్నాడు.

"యాడికి పోయినావన్నా ఇంతసేపు? పెద్దనాయన నిన్న పొద్దుగూకేటప్పుడే పోయె! నేను పొద్దున్నుంచీ ఈడే కూసోనుండా!"

వ్యాను కుప్పం దాటింది. మెడలో దండ ఉన్న సంగతి కూడా తెలియలేదు. మా తమ్ముడే తీసి కిటికీలోంచి పారేశాడు. తరువాత అన్నను అడిగాను.

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"నాకు యాల సెప్పలేదన్నా?"

"సెప్పినా గదప్పా" అన్నాడు. "నోటితో సెప్పనని ఒట్టేసినా. సేత్తో సెప్పినా. వీధిలో సెప్పినా, పందిట్లో సెప్పినా. అది నీకు తప్ప ఆడ ఎవురికి తెలుస్తాది? నువ్వు 'ఎవురు' అని అడుగుతావని సూసినా. అడిగుంటే ఒట్టు పోతే పోనీ అని నోరిప్పేవాణ్ణి. నువ్వు 'యాల' అన్యావు."

ఊరంతా, కడవ దించిన ఆడమనిషి కూడా అడిగే మాట, ఆ పలక కొట్టేవాడి కొడుకు అడగలేదు.

మేము చేరేసరికి పొద్దు పడమటికి బాగా వాలింది. ఊరి మొగదలలోనే జనం ఎదురొచ్చారు, కాటి నుంచి తిరిగి వస్తూ. కాళ్ళకు ఎర్రమన్ను. నన్ను చూసి దారి ఇచ్చి పక్కకు జరిగారు. అదే భరించలేకపోయాను. తిట్టి ఉంటే బాగుండేది.

మా చెల్లెలు చెప్పింది. ఉదయం నుంచి నాకోసం చూశారట. పక్క ఊరి పలకవాళ్ళు తాము కొడతామని వచ్చారట. "వాని కొడుకు వస్తాండాడు, వాడే ఊదల్లని సెప్పి పోయినాడు" అని మావాళ్ళు తిప్పి పంపించేశారట. ఎండ. శవం ఆగే పరిస్థితి లేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అని మధ్యాహ్నం దాటే దాకా చూసి చివరికి ఎత్తారు. ఊళ్ళో ప్రతి చావుకూ ముందు నడిచి పలక కొట్టినవాడు, చప్పుడు లేకుండా పోయాడు. దారిలో ఎవరూ "ఎవురు" అని అడగలేదు, అడగడానికి దెబ్బ వినపడితే కదా. మడక తోలేవాళ్ళు మడక తోలుకుంటూనే ఉన్నారట.

ఇంటి ముందు చింతబరికె పట్టుకుని మా కులపెద్ద కూర్చుని ఉన్నాడు. కర్మదినాలు లెక్క పెట్టేది ఆయనే. నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగాడు.

"ఎప్పుడు ఇన్యావప్పా?"

వ్యాను డ్రైవరు అక్కడే ఉన్నాడు. డ్రమ్ము అన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వ్యానులో విన్నానని చెబితే సరిపోయేది. అదే నిజం అని మాస్టరు అంటాడు, శాస్త్రమూ అంటుంది.

"పొద్దున్నే ఇన్యా. పెండ్లికొడుకును తోడ్కోని వచ్చేటప్పుడే" అన్నాను.

డ్రమ్ము అన్న తల ఎత్తి నన్ను చూశాడు. డ్రైవరు కూడా చూశాడు. కులపెద్ద వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టాడు.

అన్న లోపలికి వెళ్ళి మా నాయన పలక తీసుకొచ్చి చొప్ప అంటించి కాచాడు. ఇద్దరం కాటికి వెళ్ళాం. పచ్చిమన్ను కుప్ప ముందు నిలబడి అతను కొట్టాడు. నేను ఊదబోయాను. ఊపిరి రాలేదు. పొద్దున అంత ఊదినవాడికి అక్కడ ఒక్క స్వరం పలకలేదు. క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని ఆ మన్ను మీద కూర్చుని ఏడ్చాను. వెలుగు పోయేదాకా అన్న కొడుతూనే ఉన్నాడు.

డ్రైవరు నోటి మాట కుప్పం చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. అంటు ఉన్నవాడి చేత తాళి దగ్గర ఊదించారని రైసుమిల్లు ఆయన నలుగురిలో మాస్టరును నిలదీశాడు. ఆ మాట పలమనేరుకూ, పుంగనూరుకూ, మదనపల్లెకూ పాకింది. తరువాతి లగ్నాలకు పిలుపులు తగ్గాయి, ఆ తరువాత ఆగిపోయాయి. తాళాల మనిషి గాజులబండి పెట్టుకున్నాడు. కోట్లు మూట కట్టి అటక మీద పడేశారు. బోర్డు మాత్రం చాలాకాలం అక్కడే వేలాడింది.

కర్మ అయ్యాక మాస్టరు మా ఊరికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. కోపంతో రాలేదు. మనిషి సగమై ఉన్నాడు.

"నువ్వు ఇన్లేదు గదప్పా. నేను ఇననియ్యలేదు గదా. యాల అట్ల సెప్తివి? నా మేళం పోయె."

"ఇన్యా మాస్టరూ. దెబ్బ నా సెవిలోనే పడింది. అడగాల్సిన మాట అడగలేదు, అంతే" అన్నాను.

ఆయన తిరిగి బస్సుకు వెళ్ళిపోయాడు. నేను చేసింది న్యాయమా అని నన్ను అడగకండి. ఎంతోమంది కడుపు కొట్టిన మాట అది. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను. మా నాయన చావును ఎవరో చెప్పిన ఘడియ నుంచి మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. డ్రమ్ము అన్న చేయి చెప్పిన ఘడియ నుంచే అది మొదలైంది.

మేళం పోయింది కానీ టేపు పోలేదు. బెంగుళూరు నుంచి ఒకరి దగ్గర ఒకరు ఎక్కించుకుంటూ అది మదనపల్లెకే తిరిగి వచ్చింది. చాయ్ కొట్లలో మోగింది. నాకు పేరొచ్చింది. వేరే మేళాలు పిలిచాయి, బతకాలి గనక వెళ్ళాను. డ్రమ్ము అన్న మాత్రం మళ్ళీ పెళ్ళికి వాయించలేదు. మా ఊరికి వచ్చి స్థిరపడి, మా నాయన పలక పట్టుకున్నాడు. చుట్టుపక్కల చావులకు అతనే కొట్టేవాడు. అతను పోయినప్పుడు కాటి దాకా నేను ఊదాను. ఆ రోజు ఊపిరి వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ పుంగనూరు పెళ్ళి దగ్గరికి వస్తాను. ఆ అబ్బాయి తిప్పు కొట్టాడని, కుర్రవాడు "యాలన్నా" అని అరిచాడని చెప్పాను కదా. చప్పట్లు తగ్గాక వాళ్ళు ఊరుకోలేదు. నన్ను చూసి నవ్వుతూ, నా గౌరవం కోసం ఇంకోసారి కొట్టారు. రెండు దెబ్బలు. ఖాళీ.

ఆ ఖాళీలో నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "ఎవురూ?" అని అడిగాను, కాస్త గట్టిగానే.

పక్కనున్న పెళ్ళిపెద్ద నవ్వుతూ నా వైపు వంగాడు. "ఎవుర్ని గురించి అడుగుతాండావప్పా?"

"మా నాయన" అన్నాను. మేళం చప్పుడులో ఆయనకు వినపడలేదు.